పడటానికి బదులు కూర్చోవడం

కబసావా ఇసావోకి నలభై ఏడేళ్ళు. ఎండాకాలం వరి పండిస్తాడు. డిసెంబరు నుంచి మార్చి దాకా మత్సునోకుబో స్కీ కొండ మీద దెబ్బలు తగిలినవాళ్ళని మంచుబండిలో పడుకోబెట్టి కిందికి దింపుతాడు. రెండు పనుల్లోనూ నడుం వంచడమే ఎక్కువని అంటాడు. ఇరవై రెండు శీతాకాలాలుగా ఆ కొండ మీద ఎర్రకోటు ఆయనదే. కోటు మాత్రం రెండుసార్లు మారింది.

కొండ పెద్దదేమీ కాదు. రెండు లిఫ్టులు, కర్రీ అన్నం, నూడుల్స్ పెట్టే భోజనశాల ఒకటి, బూట్లూ స్కీలూ అద్దెకిచ్చే గది ఒకటి. నీగతా జిల్లా లోపలి ఊళ్ళలో మంచు కిటికీలు మూసుకుపోయేంత పడుతుంది. కానీ ఈ తరం పిల్లలకి మంచంటే పొద్దున్నే లేచి తవ్విపోయాల్సిన పదార్థం, అంతే. దాని మీద ఆడుకోవాలని ఎవరికీ తోచదు. అందుకే ఊరి బడి ఏడాదికోసారి పిల్లలందరినీ కొండకి తీసుకొస్తుంది.

స్కీల మీద ఎలా జారాలో నేర్పడానికి వేరే మాస్టార్లు ఉన్నారు. ఇసావో నేర్పేది పడటం. స్కీలు కట్టుకున్న మనిషి పడటం ఖాయమని, ఎలా పడాలన్నదొక్కటే మన చేతిలో ఉందని ఆయన లెక్క. పక్కకి పడాలి. చేతులు ముందుకి ఉండాలి. ఊతకర్రలు వదిలేయాలి, లేకపోతే బొటనవేలు కర్రకి చిక్కుకుని వెనక్కి విరుచుకుంటుంది. అరచెయ్యి మంచులో ఊనితే మణికట్టు పోతుంది కనుక ఊనకూడదు. మోకాళ్ళు వంచే ఉంచాలి. పూర్తిగా ఆగేదాకా లేవడానికి ప్రయత్నించకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి కూలబడకూడదు. పిరుదులు మోకాళ్ళకంటే కిందికి దిగి, బరువంతా స్కీ తోక మీద పడితే, ఆ స్కీ లోపలి అంచు మంచుని కరుచుకుని దాని ఇష్టం వచ్చిన వైపు తిరుగుతుంది. పాదం స్కీతో పాటు పోతుంది. తొడ ఒంటితో పాటు ఉండిపోతుంది. రెండిటికీ మధ్యన ఉన్నది మోకాలు. లోపల ఎముకల్ని కట్టి ఉంచే చిటికెనవేలంత లిగమెంటు ఒకటుంటుంది, అది పుటుక్కుమంటుంది. ఆ చప్పుడు బయటికి కూడా వినిపిస్తుందంటాడు ఇసావో. ఆయన విన్నాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఊరి పోటీలో, అందరూ చూస్తుండగా పడటం నామోషీ అనిపించి, కూర్చుని మళ్ళీ లేవబోయాడు. ఎడమ మోకాలు. పోటీలు ఆ రోజుతో సరి.

అప్పట్నుంచీ బడి పిల్లలు వచ్చిన ప్రతిసారీ లిఫ్టు ఎక్కించేముందు చదును నేల మీద అరగంట సేపు వాళ్ళని పడేయించేవాడు. ఇరవై రెండేళ్ళలో బడి పిల్లల్లో రెండు మణికట్లు, ఒక బొటనవేలు పోయాయి. మోకాలు ఒక్కటీ పోలేదు. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనడు. అంటే పోతుందేమోనని.

ఆ ఏడు ఆయన కూతురు సుజునా మిడిల్ స్కూలు ఆఖరి ఏడాదికి వచ్చింది. మార్చి మొదటివారంలో హైస్కూలు ప్రవేశపరీక్ష. ఇక్కడి భాషలో స్కీల మీద జారడానికీ, గడప దగ్గర కాలు జారడానికీ, పరీక్ష తప్పడానికీ మాట ఒకటే. చెట్టు మీంచి పడటానికి, పరీక్షలో పోవడానికి కూడా ఒకటే మాట. ఊరికే తూలి పడటానికి వేరే మాట ఉంది. దాని దోషమేమీ లేకపోయినా, చుట్టరికం ఉంది కదా అని దాన్నీ వెలివేశారు. పరీక్ష రాసే బిడ్డ ఉన్న ఇంట్లో ఈ మాటలు ఎవరూ పలకరు.

ఇసావో భార్య మిత్సుయో ఇంకో రెండడుగులు ముందుకేసింది. నోట్లో జారిపోతాయని మిసో సూపులో నమెకో పుట్టగొడుగులు వేయడం మానేసింది. స్నానాల గదిలో సబ్బు తీసేసి సీసాలోంచి పోసుకునే సబ్బునీళ్ళు పెట్టింది. సుజునా పుట్టినప్పట్నుంచీ మొగుణ్ణి 'నాన్నా' అనే పిలుస్తుంది కాబట్టి, ఇంట్లో చీవాట్లన్నీ కూతురి దగ్గర్నుంచి వస్తున్నాయో భార్య దగ్గర్నుంచి వస్తున్నాయో ఆయనకి వెంటనే తెలిసేది కాదు. పనిలోంచి వచ్చి ఆ పూట ఏం జరిగిందో చెప్పబోతే, "నాన్నా, నీ పని గురించి మార్చి దాకా మాట్లాడకు," అంది మిత్సుయో. ఆయన పనిలో పడటం తప్ప ఇంకేమీ లేదు. కాబట్టి భోజనాల దగ్గర నోరు మూసుకున్నాడు.

ఆయనకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ సుజునా విషయంలో, నమ్మకం లేకపోవడం మీద కూడా ఆయనకి పూర్తి నమ్మకం లేదు.

జనవరి రెండోవారంలో తల్లిదండ్రుల సంఘం సమావేశమైంది. పరీక్ష పెట్టుకుని ఆఖరి ఏడాది పిల్లల్ని కొండకి పంపడమేమిటని సగంమంది, ముప్పై ఏళ్ళ ఆచారం మన పిల్లల దగ్గరే ఆగిపోతే అదింకా అరిష్టమని సగంమంది. సంఘం అధ్యక్షురాలు తకానామి అత్సుకో ఊళ్ళో జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతుంది. ఎవరి తలనీ పూర్తిగా గొరగకుండా, ఎవర్నీ నొప్పించకుండా ఇద్దరికీ మధ్యలో కత్తిరించడం ఆవిడ వృత్తి. కొండకి వెళ్ళాలి, కానీ ఆ మాటలు అనకూడదని తేల్చింది. మర్నాడు ఇసావోకి ఒక కాగితం అందింది. పైన 'ఆ రోజు వాడదగిన మాటలు' అని రాసుంది. జారడానికి బదులు 'ముందుకు సాగడం'. దిగడం కూడా అనుమానమే కనుక 'కింద ఉన్న గమ్యాన్ని చేరుకోవడం'. పడటానికి బదులు 'కూర్చోవడం'. విరగడానికి బదులు మాట ఇవ్వలేదు. ఆ ప్రస్తావనే తేవద్దని మనవి చేశారు.

ఇసావో కాగితం చదివి సరేనన్నాడు. మాటదేముంది, పని జరిగితే చాలుననుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో చాప మీద సుజునాని నిలబెట్టి కొత్త మాటలతో పాఠం ఒకసారి చెప్పిచూశాడు. సుజునా రెండు శీతాకాలాలుగా, బడి కొండకి తీసుకెళ్ళిన రోజు కూడా ఏదో వంక పెట్టి, స్కీలు ముట్టుకోలేదు. కొండ మీద పనిచేసేవాడి కూతురు కదా, అది ఇంటిపని లాంటిదని ఆమె అభిప్రాయం. చేతిలో ఇంగ్లీషు మాటల పుస్తకం మూయకుండానే నిలబడింది.

"వేగం ఎక్కువైంది, అదుపు తప్పింది అనుకో. అప్పుడేం చేస్తావ్? కూర్చుంటావ్," అన్నాడు ఇసావో.

సుజునా కూర్చుంది. నడుం వెనక్కి వెళ్ళింది. పిరుదులు మోకాళ్ళకంటే కిందికి దిగాయి. కుడిచెయ్యి ఆసరా కోసం వెనక్కి చాపింది. పుస్తకంలోంచి చూపు ఎత్తలేదు.

లిగమెంటు తెంపాలంటే ఏమేం చెయ్యాలో అవన్నీ, వరసలో, ఒక్కటీ మర్చిపోకుండా చేసింది. పదిహేడుమంది పిల్లలకి సరిగ్గా ఇదే నేర్పమని ఆయనకి కాగితం మీద రాసిచ్చారు.

సోమవారం జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాడు. అంతకు వారం ముందే కత్తిరించుకున్నాడు కాబట్టి అత్సుకో ఆయన తలని కాసేపు పరిశీలనగా చూసి, చెవుల దగ్గర ఏమైనా దొరుకుతుందేమోనని మొదలుపెట్టింది.

"ఆ కాగితంలో కూర్చోవడం అన్న మాట మార్చాలి, తకానామి సాన్," అన్నాడు.

"తల కదపకండి. నిలబడటానికీ ఆ రెండోదానికీ మధ్యలో ఉన్నది కూర్చోవడమే కదా. పిల్లలు కూర్చుంటే ఏం పోతుంది?"

"మోకాలు పోతుంది."

"పోవడం అన్న మాట కూడా మా ఇంట్లో అనం."

ఇసావో బల్ల మీద రెండు దువ్వెనలు తీసుకుని, వాటిని స్కీలు చేసి, వేళ్ళని కాళ్ళు చేసి చూపించాడు. ఒక దువ్వెన తిరిగింది, వేలు తిరగలేదు. అత్సుకో కత్తెర ఆపి శ్రద్ధగా చూసింది. అర్థమైందని, మాట మార్చడానికి అభ్యంతరం లేదని, మార్చి ఏం పెట్టాలో చెప్పమని అంది. ఇసావో పడుకోవడం అన్నాడు. నిరుడు పరీక్ష హాల్లో ఒకడు నిజంగానే పడుకున్నాడని ఆవిడ గుర్తుచేసింది. ఒరగడం అన్నాడు. ఒరిగింది కూలడానికే కదా అంది. దొర్లడం అంటే ఆ వెలివేసిన మాటకి సొంత అన్నదమ్ముడంది. వాలడం అన్నాడు. పువ్వు వాడినట్టుంటుందంది. అద్దంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ చాలాసేపు ఆలోచించారు. భాషలో అన్ని మాటలుండి కూడా, నిలబడ్డ మనిషి నేలని చేరడానికి శుభమైన మాట ఒక్కటీ దొరకలేదు.

"ఒక్క పూటకి ఆ మాటే అననివ్వండి," అన్నాడు ఇసావో. "మాట వల్ల ఎవరూ పరీక్ష తప్పరు."

అత్సుకో దువ్వెన్ని నీళ్ళలో ముంచి తీసింది. ఆవిడకి ఇద్దరు కొడుకులు. రెండోవాడు సోజిరో, సుజునా తరగతే. పెద్దవాడు మూడేళ్ళ కిందట పరీక్ష రాశాడు.

"ఆ రోజు పొద్దున మా మామగారు వాకిట్లో మంచు మీద... కూర్చున్నారు," అంది. "ఇంకా కింద ఉండగానే, ఏమైందో ఆ మాటతో వీధంతా వినపడేలా చెప్పారు. పెద్దాడు నవ్వాడు. నవ్వుతూనే బస్సెక్కాడు. లెక్కల పేపరు కష్టంగా వచ్చిందని అందరూ అన్నారు. కష్టం అందరికీ వచ్చింది, కబసావా సాన్. మాట మా ఇంట్లోనే వినపడింది."

చివరికి 'పక్కకి కూర్చోండి' అనడానికి ఒప్పుకున్నారు. ఇంటికొచ్చాక మిత్సుయో ఆయన్ని చూసి జుట్టు కుడివైపు పొట్టిగా ఉందేమిటంది.

జనవరి చివరి శుక్రవారం బడి బస్సు వచ్చింది. పదిహేడుమంది పిల్లలు, వ్యాయామం మాస్టారు మురోహాషి, సంఘం తరఫున అత్సుకో. భోజనశాల మెట్టు దగ్గర 'నేల జారును' అన్న పసుపుపచ్చ బోర్డు ఉంటే, మురోహాషి పొద్దున్నే దానికి బియ్యం సంచి తొడిగాడు. పదకొండింటికి అదే మెట్టు మీద ఆయన కాలు జారింది. పిల్లలు చూస్తున్నారు. లేచి ప్యాంటు దులుపుకుని, "కూర్చున్నాను," అన్నాడు.

పాఠం ఇసావో అనుకున్నట్టే సాగింది. పక్కకి కూర్చోండి అన్నాడు. పదిహేడుమందీ వెనక్కి కూర్చున్నారు. ఆయన పక్కకి పడి చూపించాడు. ఆయన్ని చూస్తున్నంతసేపు పక్కకి పడ్డారు. చూపు తిప్పి మాటతో చెప్పగానే మళ్ళీ వెనక్కి కూర్చున్నారు. కూర్చోమంటే ఏం చెయ్యాలో మనిషి ఒంటికి ఏడాది నిండకముందే తెలుసు. ఆ మాట చెవిలోంచి నేరుగా నడుములోకి పోతుంది, మధ్యలో ఎక్కడా ఆగదు.

"కబసావా సాన్, పక్కకి కూర్చోవాలంటే కుర్చీ ఎటువైపు ఉండాలి?" అని సోజిరో అడిగాడు. మిగతావాళ్ళు నవ్వారు. మురోహాషి దగ్గాడు. నవ్వనిది సుజునా ఒక్కతే. పదిమందిలో తండ్రి పనిచేస్తుండగా చూడటం ఏ పిల్లకైనా కష్టమే.

అరగంట అనుకున్నది గంట చేశాడు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగులన్నీ తన చేత్తో మళ్ళీ చూశాడు. పట్టు ఎంత ఉండాలో పిల్లల బరువును బట్టి, వచ్చిన విద్యను బట్టి బిగిస్తారు. బడి పంపిన జాబితాలో అందరూ వినయంగా 'ఏమీ రాదు' అని రాసుకున్నారు. కొందరికి వచ్చు. ఒక్కొక్కర్నీ పక్కకి పిలిచి నిజం చెప్పించి బిగించాడు. సుజునాకి ఏమీ రాదన్నది వినయం కాదని ఆయనకి తెలుసు. ఆమె బైండింగు ఎంత వదులుగా ఉండాలో అంత వదులుగా పెట్టాడు. అయినా బైండింగు చీలమండని కాపాడినట్టు మోకాలిని కాపాడదు. వెనక్కి కూలబడేటప్పుడు మెలి నెమ్మదిగా పడుతుంది. బైండింగుకి ఆ మెలి తెలియదు, ఊడదు.

పొద్దున ఏమీ కాలేదు. మధ్యాహ్నం కర్రీ అన్నం తిన్నాక ఎండ మేఘాల్లోకి పోయింది. రెండు గంటలకి మంచు బరువెక్కింది, గుంటకీ మిట్టకీ తేడా తెలియకుండా కొండంతా ఒకటే తెలుపైంది. పిల్లల కాళ్ళు అలిసిపోయాయి గానీ ఆ సంగతి కాళ్ళకి తప్ప పిల్లలకి తెలియదు. ఇసావో మంచుబండి ఎక్కువగా కదిలేది రెండుకీ మూడుకీ మధ్యలోనే. ఇక చాలించమని మురోహాషికి చెప్పాడు. పిల్లలు ఇప్పుడిప్పుడే సరదాపడుతున్నారని, ఇంకొక్కసారి ముందుకు సాగి గమ్యం చేరుకుంటారని మురోహాషి అన్నాడు.

ఇసావో కింద లిఫ్టు పక్కన నిలబడ్డాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. తొమ్మిదో మనిషి సుజునా.

సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ వాలు కాస్త నిటారుగా ఉంటుంది. వేగం పెరిగింది. భయపడ్డ మనిషి కొండవైపు వెనక్కి ఒరుగుతాడు, ఒరిగితే వేగం ఇంకా పెరుగుతుంది. స్కీలు రెండూ ఒకదానికొకటి దూరం జరిగాయి. కుడిచెయ్యి వెనక్కి పోయింది. కింద మురోహాషి రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, కూర్చో, కూర్చో అని అరిచాడు. పక్కన అత్సుకో కూడా అందుకుంది. సుజునా చిన్నప్పట్నుంచీ చెప్పినమాట వినే పిల్ల. నడుం దించడం మొదలుపెట్టింది.

ఇసావోకి ఎడమ మోకాలు నొప్పి పెట్టింది. ఆపదలో ఉన్నది తన మోకాలు కాదని తెలుసు.

"పడు," అని అరిచాడు. "సుజునా, పడు. పక్కకి పడిపో."

ఎదురుకొండకి తగిలి ఆ మాట ఇంకోసారి వచ్చింది. లిఫ్టు దగ్గరున్నవాళ్ళు, భోజనశాల ముందున్నవాళ్ళు, అందరూ అటు తిరిగారు. పరీక్షకి అయిదు వారాలుండగా ఒక తండ్రి కన్నకూతుర్ని పేరు పెట్టి పిలిచి పడమంటున్నాడు.

సుజునా పడింది. ఎడమ పక్కకి, భుజం మీద, కొండవాలు వైపు. కర్రలు రెండూ చేతుల్లోంచి ఎగిరాయి. ఒక స్కీ ఊడి మంచులో గుచ్చుకుంది. ఒళ్ళు ఇంకో పది అడుగులు మంచుని దున్నుకుంటూ వెళ్ళి ఆగింది. ఆగాక కూడా ఆమె లేవలేదు.

ఇసావో ఎలా పైకి వెళ్ళాడో ఆయనకి గుర్తులేదు. వెళ్ళేసరికి సుజునా వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"నాన్నా, ఆ మాట అనేశావ్," అంది.

"అన్నాను. నొప్పి ఎక్కడ?"

"అమ్మకి తెలిస్తే చంపేస్తుంది నిన్ను."

"తర్వాత చంపుతుంది. ఏమైనా చప్పుడు వినపడిందా? మోకాల్లో?"

వినపడలేదంది. నువ్వు అరిచింది తప్ప ఏమీ వినపడలేదంది. ఇసావో చేతితొడుగులు తీసేశాడు. కుడి మోకాలు కొంచెం వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో పిక్కని ముందుకి లాగాడు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని మోకాళ్ళని అలా లాగి ఉంటాడో. లోపల ఆ లిగమెంటు తెగకుండా ఉంటే కొంచెం కదిలి టక్కున ఆగుతుంది. లేకపోతే ఆగదు, సొరుగులా వచ్చేస్తుంది. లాగాడు. ఆగింది. నమ్మకం కుదరక ఇంకోసారి లాగాడు. ఆగింది. ఎడమదీ చూశాడు. అదీ ఆగింది. కుడిచేతి బొటనవేలు అటూ ఇటూ తిప్పి చూశాడు, రాసేది ఆ చేత్తోనే కాబట్టి. మణికట్టు నొక్కాడు. భుజం మీద రేపటికి కమిలిన మచ్చ ఒకటి వస్తుంది, అంతే.

చేతితొడుగులు మళ్ళీ వేసుకుని, మంచులో గుచ్చుకున్న స్కీని పీకి తెచ్చాడు.

అవసరం లేకపోయినా ఆమెని మంచుబండిలోనే దింపాడు. అవసరం ఉందో లేదో తేల్చేది ఆయనే కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు. కింద పిల్లలందరూ బండి చుట్టూ మూగారు. అత్సుకో వచ్చి సుజునా రెండు మోకాళ్ళ వంకా చాలాసేపు చూసింది. కుర్చీలో అయిదు పరీక్షలు కూర్చుని రాయగలదా అని అడిగింది. రాయగలదని ఇసావో చెప్పాడు. క్షమించమని కూడా అడిగాడు. పదిహేడుమంది పిల్లలు వింటుండగా ఆ మాట అన్నాడు, వెనక్కి తీసుకోవడానికి కుదరదు.

అత్సుకో తలెత్తి కొండ సగంలో సుజునా దున్నుకుంటూ వచ్చిన చాలుని చూసింది. అది పక్కకి తిరిగి ఉంది. తర్వాత బస్సు వైపు చూసి, ఎన్నింటికి బయల్దేరాలని మురోహాషిని అడిగింది. ఇంకా నలభై నిమిషాలుందని ఆయన చెప్పాడు.

"వీళ్ళు మళ్ళీ వసంతం సెలవుల్లో వస్తారు," అంది ఇసావోతో. "స్నేహితులతో వస్తారు, మనకి చెప్పకుండా వస్తారు. మీరు ఆ మాటతోనే నేర్పండి. నేను వినను."

ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, వాళ్ళకి వీపు పెట్టి, కార్లు ఆపే వైపు మొహం తిప్పి నిలబడింది.

సుజునాని బండిలోనే ఉంచి, మిగతా పదహారుమందినీ ఇసావో చదును నేల మీద వరసగా నిలబెట్టాడు. చేతులు ముందుకి అన్నాడు. కర్రల తాళ్ళలో మణికట్టు దూర్చొద్దన్నాడు. మూడు లెక్కపెట్టి, పడండి అన్నాడు. మాట స్పష్టంగానే వచ్చింది.

పదిహేనుమంది పడ్డారు. ఈసారి ఎవరికీ చూపించాల్సిన అవసరం రాలేదు. అందరూ పక్కకే పడ్డారు.

సోజిరో మాత్రం నిలబడే ఉన్నాడు. వాడు తల్లి వీపు వంక చూస్తున్నాడు. పడ్డవాళ్ళు పడ్డచోటే ఉండి తలలెత్తి చూస్తున్నారు.

అత్సుకో ఇటు తిరగలేదు. టోపీ కూడా పైకి తీయలేదు.

"సోజిరో," అంది కార్ల వైపు చూస్తూనే. "నీ ఒక్కడి చప్పుడే రాలేదు."

వాడు ఇంకొక్క క్షణం ఆగి, పక్కకి పడ్డాడు. చేతులు ముందుకే ఉన్నాయి, కర్రలు వదిలేశాడు. వెంటనే లేవబోతే ఇసావో వెళ్ళి వాడి భుజం మీద చెయ్యి వేసి, ఆగేదాకా లేవకూడదని చెప్పాడు.